వెలుతురు రాని అతుకు

జూన్ 2, సోమవారం

బావమరిది బతికే ఉన్నాడు. ముందు ఆ మాట రాసుకోవాలి, స్తోత్రం చెప్పి.

శనివారం మధ్యాహ్నం రంపం మిషను మీద పొడుగు టేకు పలక కోస్తున్నాడు. సగం దాటింది. రంపం ఒక్కసారి మూలిగింది. పలక వెనక్కి తన్నింది. గుర్రం కాలిలా వచ్చి పొట్టలో తగిలింది. వాడు వెళ్ళి పొట్టు గుట్టలో పడ్డాడు. కాసేపు ఊపిరి అందలేదు. డాక్టరు పక్కటెముకలు నొక్కి చూసి విరగలేదన్నాడు, కమిలాయన్నాడు. ఇంకాస్త పైన తగిలి ఉంటే అని ఆపేశాడు. ఆపేసిన మాట నాకు పూర్తిగా వినపడింది.

మరి నేనేం చేశాను? నేల మీద పడ్డవాడి మీద నిలబడి, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు రంపాన్ని అనకు, నీ చెయ్యే వంకర అన్నాను. మంచినీళ్ళు ఇవ్వకముందే అన్నాను. అక్కడితో ఊరుకున్నానా? నిన్న సభలో అదే ఎత్తుకున్నాను. పేరు చెప్పలేదు. చెప్పనక్కరలేదు. వంకర చేతివాడికి తిన్నని రంపం ఇచ్చినా వంకరే కోస్తాడు సహోదరులారా అని మైకు కీచుమనేలా అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. వెనక బెంచీలో చెయ్యి పొట్టకి అదుముకుని కూర్చున్నవాడు ఒక్కడే అనలేదు. లేచి వెళ్ళిపోయాడు.

మా ఆవిడ వాడికి సొంత అక్క. ఇవాళ కంచం ముందు కూర్చోబెట్టి విషయం చెప్పింది. వాడిని పై ఊరి ఫర్నిచర్ ఫ్యాక్టరీ వాళ్ళు ఎప్పటినించో రమ్మంటున్నారట. నెలాఖరులోపు ఏదో ఒకటి చెప్పాలట. వాడు నాతో మాట్లాడడట. తెల్లవారుతూనే షాపుకి వచ్చి బెంచీ పని చేసుకుని, నేను వచ్చే లోపల వెళ్ళిపోతాడట. రంపం ముందు మాత్రం నిలబడనని తన మీద ఒట్టేశాడట. అది బాగుపడి, బాగుపడ్డది అలాగే నిలిస్తే ఇక్కడే ఉంటాడట. ఇంకో పలక తన్నిందా, నా చేత్తో నేనే వాణ్ణి బస్సెక్కిస్తాను, తర్వాత మీరూ మీ రంపమూ కలిసి కీర్తనలు పాడుకోండి అంది.

మా పెళ్ళయిన కొత్తలో వేసవి సెలవులు గడపడానికని వచ్చాడు వాడు. ఆ సెలవులు ఇంకా అయిపోలేదు. చిత్రిక పట్టడం ఇద్దరం కలిసే నేర్చుకున్నాం, చెక్కలు పాడుచేసుకుంటూ. వాడు లేని షాపు నాకు ఊహకి కూడా రాదు.

రంపాన్ని నేను తిన్నగా పెడతాను. దీన్ని తిన్నగా పెట్టలేనివాణ్ణి మనుషుల్ని తిన్నగా నడవమని ఏ మొహంతో చెప్పను?

జూన్ 3, మంగళవారం

పొద్దున ఆసుపత్రి వార్డుల్లో ప్రార్థనలు. తర్వాత షాపు. వాడు వచ్చి వెళ్ళినట్టున్నాడు. బెంచీ ఊడ్చి ఉంది. టీ గ్లాసు కడిగి బోర్లించి ఉంది. నా గ్లాసు కూడా కడిగాడు. కోపంలో కూడా కడిగాడు.

లైబ్రరీ వాళ్ళ రీడింగ్ టేబులు చెయ్యాలి. పొడుగు పలకలు అంచుకు అంచు అతికించి పైభాగం తయారు చెయ్యాలి. అంచులు ఎలా వచ్చాయో తెలియాలంటే రెండు పలకల్ని ఆనించి కిటికీకి ఎదురుగా పట్టుకోవాలి. మధ్యలోంచి వెలుతురు రాకూడదు. ఇన్నేళ్ళుగా వెలుగు వెలుగు అని గొంతు చించుకుంటున్న నేను, వెలుగు రాకూడదని ప్రార్థించేది ఆ ఒక్క చోటే.

ఇవాళ చూస్తే పలకల మధ్య వెలుతురు ధారాళంగా వస్తోంది. బ్లేడు రాసుకుని అంచుకి కాలిన నల్లచార కూడా.

ప్లగ్గు పీకేశాను. గ్రంథం తీసి పొట్టు తగలని కిటికీలో పెట్టాను. గోడ తిన్నగా ఉందో లేదో చూసే మట్టపు గుండు పట్టుకుని ప్రభువు గోడ మీద నిలబడ్డట్టు ఒక ప్రవక్తకి కనిపించిన చోటు చదువుకున్నాను. ఆయనే గుండు పట్టుకున్నాడంటే ఈ పని చిన్నదేమీ కాదు.

బ్లేడుని మోసే ఇనుప చట్రం బల్ల అడుగున నాలుగు బోల్టుల మీద వేలాడుతుంది. ఒకటి కాస్త బిగువుగా ఉంచి మిగతావి వదులు చేసి, కొయ్యసుత్తితో చట్రాన్ని తట్టాలి. బ్లేడు మొహం అలా అలా తిరుగుతుంది. ఎంత తిరిగిందో కొలవడంలోనే ఉంది అంతా. ఒకటే పన్ను పట్టుకోవాలి. దానికి సుద్ద ముక్కతో గుర్తు పెట్టి, ముందువైపు కొలిచి, బ్లేడు చేత్తో తిప్పి, అదే పన్నుని వెనక్కి తెచ్చి మళ్ళీ కొలవాలి. ఇంకో పన్నుని కొలిస్తే ఇంకో సాక్షిని అడిగినట్టే. బ్లేడన్నాక ఎక్కడో వెంట్రుకవాసి వంగి ఉంటుంది, ఒక్కో పన్నూ ఒక్కో మాట చెబుతుంది. ఇది నాకెవరూ నేర్పలేదు. సాక్షుల మీద ప్రసంగం తయారు చేసుకుంటుంటే తట్టింది.

గైడు నించి పన్నుకి ముందు ఎంతో, వెనకా అంతే. చెక్కని ఆనించి తోసే ఇనుప పట్టీని మేం గైడు అంటాం. బిగించాను. ఒక ముక్క కోసి చూశాను. నల్లచార లేదు.

పాడుకుంటూ ఇంటికి వచ్చాను. మా ఆవిడ తలుపు తీస్తూనే, అయిపోయిందా అంది. అయిపోయిందన్నాను. నిలవాలిగా అంది.

జూన్ 4, బుధవారం

నిలవలేదు.

పొద్దున కొలిస్తే వెనకవైపు పక్కకి పోయింది. రాత్రికి రాత్రి. మళ్ళీ పెట్టాను. ఇంకా గట్టిగా బిగించాను. పానా జారి చేతి కణుపులు చెక్కుకుపోయాయి.

జూన్ 5, గురువారం

మళ్ళీ వంకర. కుక్కతోక.

జూన్ 6, శుక్రవారం

వాడి దగ్గరనించి మొదటి కబురు. బావని రంపం జోలికి పోవద్దని చెప్పు అక్కా అన్నాడట. అంతే.

నా ఒళ్ళు మండిపోయింది. రంపం నాది కాదా? తన్నులు తిన్నవాడు దాని దరికి రానంటాడు, బాగుచేసేవాణ్ణి దూరంగా ఉండమంటాడు. నీ తమ్ముడికి చెప్పు, వాడు పడుకుని లేచేలోపు నేను దాన్ని బాణంలా నిలబెడతానని అన్నాను. షాపులో పాలిషు పని మా ఆవిడదే, చేతిలో పాలిషు గుడ్డ ఉంది. అది బల్ల మీద కొట్టి, మధ్యలో నేను పోస్ట్‌మాన్‌నా అంది. స్టాంపు ఖర్చు కూడా ఇవ్వరు మీరిద్దరూ అంది.

అయినా ఆ కబురు అక్షరం పొల్లుపోకుండా అందించింది. వాడి బదులు కూడా తెచ్చింది. బాణం వదిలాక ఎవరికి తగులుతుందో చూసుకోమన్నాడట.

జూన్ 7, శనివారం

మెకానిక్‌ని పిలిచాను. లోపలికి తల దూర్చి టార్చి వేసి చూశాడు. బోల్టులు బాగానే ఉన్నాయట, మరలు అరగలేదట. స్ప్రింగు వాషర్లు వెయ్యమని నాలుగు ఇచ్చాడు. పోతూ పోతూ, బిగించేటప్పుడే చట్రం జరుగుతుంది బోధకుడు గారూ, ఒకళ్ళు కింద పడుకుని కొంచెం కొంచెంగా బిగిస్తుంటే ఇంకొకళ్ళు పైన కొలత మీద కన్ను పెట్టాలి, ఇది ఒంటిచేతి పని కాదు అన్నాడు. మీ బావమరిది ఏడీ అన్నాడు.

ఒంట్లో బాగోలేదన్నాను. పొద్దున టీ కొట్టు దగ్గర బాగానే కనిపించాడే అన్నాడు.

వాషర్లు వేశాను. ఒక్కణ్ణే పైకీ కిందికీ లేస్తూ కూర్చుంటూ చేశాను. మోకాళ్ళు చెప్పిన సాక్ష్యం ఇక్కడ రాయను.

జూన్ 8, ఆదివారం

ఇవాళ సభలో అగ్ని దిగింది.

మనుషులు నిద్రపోతుంటే గోధుమ చేలో శత్రువు వచ్చి గురుగులు చల్లిపోయిన ఉపమానం ఎత్తుకున్నాను. నా షాపుకి తీసుకొచ్చాను. పగలు నేను తిన్నగా పెట్టినదాన్ని చీకట్లో ఎవడో వంచుతున్నాడు, వాడెవడో నాకు తెలుసు, వాడికి ఎన్ని పేర్లున్నాయో తెలుసు అన్నాను. బల్ల గుద్దాను. నీళ్ళ గ్లాసు పడిపోయింది. ముందు వరసలో పిల్లలు జడుసుకున్నారు.

బావమరిది వచ్చాడు. వెనక బెంచీ. శత్రువు అన్నప్పుడల్లా వాడు తల ఎత్తి నాకేసి చూశాడు. వాక్యం తగులుతోంది అనుకున్నాను. మా ఆవిడ మాత్రం తలుపు కేసి చూస్తూ కూర్చుంది, ఎప్పుడు అయిపోతుందా అన్నట్టు.

జూన్ 10, మంగళవారం

మళ్ళీ పోయింది. వాషర్లు వేసినా పోయింది.

సాతానుకి పానా ఉంటుందా? నవ్వుకోవడానికి రాయడం లేదు. నిజంగానే అడుగుతున్నాను.

సాయంత్రం

ఉపాయం తట్టింది. మళ్ళీ తిన్నగా పెట్టి బిగించాక, మా ఆవిడ పాలిషు గదిలోంచి ఎర్రరంగు తెచ్చి, ప్రతి నట్టు మీదినించి చట్రం మీదికి సన్నటి గీత గీశాను. నట్టు తనంతట తాను ఏ కాస్త జరిగినా గీత తెగుతుంది. సాక్షులు నలుగురు. ఇంకెక్కడికి పోతాడు?

జూన్ 11, బుధవారం

గీతలు నాలుగూ తెగాయి. కాస్త కాదు. ఒక్కో నట్టు పావు చుట్టు తిరిగింది. అదురుకి అంత తిరగదు. ఇది మనిషి చెయ్యి. ఒక నట్టు మీద పానా గాటు కూడా ఉంది, కొత్తది, మెరుస్తోంది.

సంతోషం వేసింది నాకు. సిగ్గులేకుండా రాస్తున్నాను. శత్రువుకి చేతులున్నాయని తెలిస్తే ఎంత ధైర్యమో.

తాళం పగలలేదు. వెనక కిటికీ పక్కనున్న అద్దాల షాపు పెరట్లోకి తెరుచుకుంటుంది. ఆ అద్దాల షాపాయనకి నా ప్రసంగాలంటే పడదు, మా రంపం మోత అంతకన్నా పడదు. నేరుగా వెళ్ళి అడిగాను. అద్దం కోస్తున్నవాడు కోత పూర్తయ్యేదాకా తల ఎత్తలేదు. ఎత్తి, ఏమయ్యా స్వామీ, నీ రంపం కింద దూరడానికి నా పొట్ట చూశావా అన్నాడు. నిజమే, ఆ పొట్ట దూరదు. కంట్లో దూలం సంగతి నువ్వే చెబుతావుగా, నీ దూలం కోయడానికి రంపం కావాలి, ఆ రంపమేమో వంకర, నేనేం చేసేది అన్నాడు. పనివాళ్ళు ఒకటే నవ్వు. వచ్చేస్తుంటే వెనకనించి, ఇంటిదొంగని ఈశ్వరుడే పట్టలేడు, నీవల్ల ఏమవుతుంది అన్నాడు.

జవాబుగా నాకు ఏడు వాక్యాలు తోచాయి. అన్నీ ఇంటికొచ్చాక.

జూన్ 12, గురువారం

షాపు తాళంచెవులు రెండే. ఒకటి నా మొలతాడుకి. రెండోది వాడి దగ్గర. వాడు రంపం దరికి రానని అక్క మీద ఒట్టేశాడు. కాబట్టి వాడు కాదు. రంపాన్ని మళ్ళీ తిన్నగా పెట్టి, ఎర్ర గీతలు మళ్ళీ గీశాను.

ఫ్యాక్టరీ వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారట. మా ఆవిడ వాడి చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. మామూలుగా చెయ్యదు.

జూన్ 13, శుక్రవారం

తెల్లవారుతూనే ఆసుపత్రికి బయల్దేరాను. వార్డులో ఒక ముసలాయన మంచం పక్కన కూర్చుని సంచీలో చెయ్యి పెట్టాను. గ్రంథం లేదు. నా జన్మలో అలా జరగలేదు. నిన్న షాపు కిటికీలో వదిలేశాను, ఆ బోల్టుల గొడవలో. కంఠతా వచ్చినదేదో చెప్పి ప్రార్థన చేసి, షాపుకి తిరిగి వచ్చాను.

తలుపు చేరవేసి ఉంది. లోపల దీపం. రంపం కిందినించి రెండు కాళ్ళు.

ఆ కాళ్ళు నాకు తెలుసు. ఎడమ మడమ మీద ఉలి పడిన మచ్చ. నేనే కట్టు కట్టాను అప్పుడు.

వాడు పక్కటెముకలకి కట్టుతో, ఒక చెయ్యి పొట్టకి అదుముకుని, ఇంకో చేత్తో పానా తిప్పుతున్నాడు. నా ఎర్ర గీతల్ని తెంచుతున్నాడు. నా గొంతులో ఆదివారం లేచింది. శత్రువు ఇంట్లోనే ఉన్నాడా అని అరిచాను. వాడు ఉలిక్కిపడి లేవబోయి తల బల్లకి కొట్టుకున్నాడు. అమ్మా అన్నాడు. పొట్టు అంతా మొహం నిండా పడింది.

బయటికి వచ్చాడు. కనుబొమ్మల మీద పొట్టు. నువ్వా శత్రువు గురించి మాట్లాడేది, రోజూ నేను పొద్దున తిన్నగా పెడితే రోజూ సాయంత్రం వంచిపోతున్నది నువ్వు, నాకు బుద్ధి చెప్పాలని చేస్తున్నావనుకున్నాను, జోలికి పోవద్దని అక్కచేత చెప్పించినా మానలేదు, పైగా సభలో నన్నే శత్రువు అంటావా అన్నాడు.

నేను వంచడం ఏమిట్రా, నేను పెట్టింది నువ్వు వంచుతున్నావు అన్నాను. రంపం దరికి రానని ఒట్టేశావు కదరా అన్నాను.

ముందు నిలబడనన్నాను, కింద పడుకోనన్నానా అన్నాడు.

వాడు పానా కింద పెట్టి నెమ్మదిగా అన్నాడు. వెళ్ళిపోదలుచుకున్నవాణ్ణయితే ఈ కట్టుతో దీని కింద ఎందుకు పడుకుంటాను బావా.

కూర్చున్నాను. పొట్టు గుట్ట మీదే కూర్చున్నాను.

మధ్యాహ్నం

ఇద్దరం కొలిచాం. ముందు ఎవరికి వాళ్ళం, తర్వాత ఒకళ్ళది ఒకళ్ళం.

నేను గైడు నించి కొలుస్తాను. వాడు బల్ల మీది గాడి నించి కొలుస్తాడు. ఆ గాడి బల్లతో పాటే పోతపోసి వచ్చింది. గైడు నించి ఎందుకు కొలవవురా, చెక్క ఆనేది దానికే కదా అన్నాను. వాడు గైడుని జరిపి బిగించాడు. కొలిచాడు. విప్పి, మళ్ళీ అక్కడికే జరిపి బిగించాడు. కొలిచాడు. గైడు వెనక కొస, మేం తోక అనేది, ఒక్కోసారి ఒక్కోచోట ఆగింది. పోతపోసిన గాడి జరగదు బావా, రోజూ జరిగేదాన్ని పట్టుకుని ఎలా కొలుస్తావు, ముందు బ్లేడుని గాడికి పెట్టుకుని తర్వాత గైడుని బ్లేడు వెంట రప్పించుకోవాలి అన్నాడు.

మరి నువ్వు ఏ పన్ను కొలుస్తున్నావన్నాను. ముందున్నది ముందు, వెనకున్నది వెనక అన్నాడు. సుద్ద ముక్క తీసి ఒక పన్నుకి గుర్తు పెట్టాను. ముందు కొలిపించాను. తిప్పి వెనక కొలిపించాను. తర్వాత దాని పక్క పన్ను. వేరే లెక్క వచ్చింది. వాడు బ్లేడుకేసి ఎవరో బంధువు అబద్ధమాడినట్టు చూశాడు. ఇన్నాళ్ళూ రోజుకో సాక్షిని నమ్మానా అన్నాడు.

అంటే నేను సరైన పన్నుని తప్పుడు చోటినించి కొలిచాను. వాడు సరైన చోటినించి తప్పుడు పన్నుని కొలిచాడు. పొద్దున వాడు దిద్దాడు. సాయంత్రం నేను దిద్దాను. రంపం పాపం ఏం చేస్తుంది? ఎవరికి మొహం పెడితే వాళ్ళ తప్పు మోసింది.

ఇంకొకటి కూడా తేలింది. ఎవరూ పైకి అనలేదు. ఆ శనివారం పొద్దున గైడు బిగించింది నేను. తోక బ్లేడు వైపుకి మూసుకుపోయి పలకని వెనకనించి నొక్కేసింది. అందుకే తన్నింది. చెయ్యి వంకర కాదు. వాడు గైడు తోక కేసి చూశాడు. తర్వాత గోడ కేసి చూశాడు. నేను గోడ కేసే చూశాను ముందునించీ.

మా ఆవిడకి చెప్పాను. విని విని, చేతిలో బ్రష్షు కింద పెట్టి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఇద్దరూ కలిసి చేస్తే ఒక పూట పని, విడివిడిగా చేసి రెండు వారాలు చెడగొట్టారు, ఇది మాత్రం ప్రసంగంలో పెట్టకండి, పరువు పోతుంది అంది.

జూన్ 14, శనివారం

ఇవాళ ఇద్దరం కలిసి బిగించాం.

వాడి పక్కటెముకలు ఇంకా నొప్పే కాబట్టి కింద నేను పడుకున్నాను. పైన వాడు. గాడిలో కొలబద్ద, గుర్తు పెట్టిన పన్ను, కన్ను. నేను తట్టాలి, వాడు చెప్పాలి. నా జీవితంలో ఇంతసేపు ఒకడు చెబుతుంటే నేను విన్నది లేదు. కొంచెం. ఇంకొంచెం. ఎక్కువైంది, వెనక్కి. ఆగు బావా. ఆగమన్నానా. నోరు తెరిస్తే పొట్టు పడుతుంది, అందుకని మూసుకునే ఉన్నాను. ప్రభువు నన్ను మౌనంగా ఉంచాలనుకుంటే ఆయనకి రంపపు పొట్టు చాలు.

మెకానిక్ చెప్పినట్టే బోల్టుని పూర్తిగా బిగించకుండా, ఎదురెదురు వాటిని కొంచెం కొంచెంగా బిగించాం. బిగించిన ప్రతిసారీ వాడు పైన కొలిచి సరే అనాలి. ఒకసారి సరే అనలేదు. మూడోది లాగేస్తోందన్నాడు. వదిలి మళ్ళీ మొదలుపెట్టాం. వాడు విసుక్కోలేదు.

ఆఖరి బోల్టు దగ్గర చెయ్యి ఆగింది. పైకి చూస్తే వాడి గడ్డం మాత్రం కనపడుతోంది. వంకర చెయ్యి నీది కాదురా, నాది అన్నాను. నీళ్ళు ఇవ్వకముందు ఆ మాట అన్నందుకు క్షమించు అన్నాను. పొట్టు నోట్లో పడింది. సగం దగ్గులో పోయింది.

పైనించి గొంతు వచ్చింది. వినపడలేదు బావా అన్నాడు. మళ్ళీ చెప్పాను. ఊఁహూఁ, ఇంకా వినపడలేదు, ఆదివారం అంత గట్టిగా చెప్పు అన్నాడు.

నవ్వుతున్నాడనుకున్నాను. బయటికి వచ్చి చూస్తే నవ్వడం లేదు. కొలబద్ద పట్టుకుని నిలబడ్డాడు, కళ్ళు దాని మీదే.

ఆఖరి బోల్టు బిగించాను. సరే అన్నాడు. ఎర్ర గీతలు మళ్ళీ గీశాం, ఈసారి రెండు నేను, రెండు వాడు.

వచ్చే ఆదివారం దాటేదాకా ఇది కదలకూడదు, అప్పుడు చూస్తాను అన్నాడు. అంటే ఫ్యాక్టరీకి ఇంకా వద్దని చెప్పలేదు.

జూన్ 15, ఆదివారం

చెప్పాను. మైకులోనే. అదే మైకు, అదే గట్టిగా. ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

ఒక్కడే అన్నాడు, వెనక బెంచీలోంచి.

జూన్ 17, మంగళవారం

గీతలు తెగలేదు.

నా చెయ్యి దురద పెడుతోంది. ఒక్కసారి కొలిస్తే ఏం పోయింది అనిపిస్తుంది. కొలిస్తే తట్టబుద్ధవుతుంది. తడితే పానా కావాలి. ఆ పానా మా ఆవిడ బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇద్దరికీ ఇవ్వదట. పొద్దున వాడు కూడా అడిగాడట.

జూన్ 19, గురువారం

వాడు ఇప్పుడు నేను వచ్చేదాకా ఉంటున్నాడు. టీ కలిసి తాగుతున్నాం. పొడుగు పలకలు నేనే కోస్తున్నాను, వాడు బెంచీ దగ్గర చిత్రిక పడుతూ మిషను చప్పుడు వింటున్నాడు. వింటున్నట్టు కనపడనివ్వడు. చప్పుడు కొంచెం మారితే చిత్రిక ఆగిపోతుంది. గట్టి ముడి అడ్డొచ్చిందిరా అంటాను. మళ్ళీ మొదలవుతుంది. పలక మొదలైనప్పటినించి చివరిదాకా వాడి ఒక చెయ్యి పొట్ట మీదే ఉంటుంది.

భయం తీరడానికి వాక్యం చెప్పబోయాను. నోటిదాకా వచ్చింది. మింగాను. పలక చేత తన్నులు తిన్నవాడికి కావలసింది వాక్యం కాదు, మళ్ళీ తన్నని పలక.

అద్దాల షాపాయన కిటికీలోంచి, దొంగ దొరికాడా అన్నాడు. ఇద్దరు దొరికారన్నాను.

జూన్ 21, శనివారం

ఫ్యాక్టరీ వాళ్ళు ఫోన్ చేస్తే వాడు బయటికి వెళ్ళి మాట్లాడాడు. ఏమన్నాడో చెప్పలేదు. నేను అడగలేదు. మా ఆవిడ నాకేసి చూసింది, అడగండి అన్నట్టు. నేను పొట్టు ఊడుస్తూ ఉండిపోయాను. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాను.

జూన్ 22, ఆదివారం

ప్రసంగం తొందరగా ముగించాను. ఒకావిడ దగ్గరికొచ్చి, ఒంట్లో బాగానే ఉందా అయ్యగారూ అంది.

గీతలు తెగలేదు. రేపు సోమవారం.

జూన్ 23, సోమవారం

వీధి మలుపులోనే వినపడింది. రంపం మోగుతోంది. నేను వెయ్యలేదు.

గుమ్మంలో నిలబడ్డాను. మొదట్నించి చివరిదాకా ఒకటే స్వరం. పలక బల్ల దాటింది. వాడు ఆపాడు. వెనక్కి తిరగకుండానే, ఆ చివర పట్టుకో బావా అన్నాడు.

రెండు పలకలూ అంచుకు అంచు ఆనించి కిటికీకి ఎత్తాం. సూర్యుడు సరిగ్గా ఎదురుగా ఉన్నాడు.

వెలుతురు రాలేదు. స్తోత్రం.